పురపాలక సంఘముల జమాఖర్చులు: కాలహరణము

(ఒక పట్టణ పఠనమందిరమున గావించిన ఉపన్యాసము)



గ్రంథాలయ సభలలో కవిత్వమును గూర్చియో, మహాపురుషుల చరిత్రములను గూర్చియో ప్రసంగించుట వాడుక. నేటి సాయంకాలము నేను జమాఖర్చులను గూర్చి మాటలాడెదనని చెప్పగానే మన కార్యదర్శిగారు చిఱునవ్వు నవ్విరి. లెక్కల పుస్తకమునందు రసమేమున్నదని వారి భావము కాబోలు. రసము లేదనుట నిజమే. కాని మనము కూర్చున్న యీ మందిరమునందలి దీపములు, ఆ బల్లమీది పత్రికలు, ఆ బీరువాలలోని పుస్తకములు, ఇవి యన్నియు ఆ లెక్కల పుస్తకములోని యొక పద్దుపై ఆధారపడి యున్నవి. ముందుగా ఆ పద్దును మీకు చూపెదను.

మీరు ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను చెల్లించుచున్నారు. 1960వ సంవత్సరపు గ్రంథాలయ చట్టము ననుసరించి యేర్పడిన యీ పన్ను, ఇంటిపన్నులో రూపాయి యొక్కింటికి 8 పైసల చొప్పున వసూలగుచున్నది. దీనిని పురపాలక సంఘమువారును పంచాయతీవారును వసూలు చేయుదురే గాని యిది వారి సొమ్ము కాదు. జిల్లా గ్రంథాలయ సంస్థకు అప్పగింపుమని మనము వారి చేతికిచ్చిన సొమ్ము. అయితే అప్పగింపవలసినది ఎంత? ఇంటిపన్ను ఎంత వసూలైనదో తేలినగాని అది తేలదు. ఇంటిపన్ను ఎంత వసూలైనదో సంవత్సరపు లెక్కలు ముగిసినగాని తేలదు. ఆ లెక్కలు ముగియక రెండేండ్లో మూడేండ్లో గడచిన యెడల గ్రంథాలయమువారు దేనిని చూపి తమ బాకీని అడుగగలరు? అడిగినను "లెక్కలు తేలలేదు" అను జవాబు సిద్ధముగా నుండును. కొనవలసిన పుస్తకము కొనబడదు. చదువవలసిన బాలుడు పెరిగి పెద్దవాడై పోవును. ఇదియే నేటి నా విషయము.

నా స్వానుభవ మొకటి విన్నవించెదను. కొన్ని యేండ్లక్రిందట నేను వేఱొక పట్టణమున కాపురముంటిని. ఆ పట్టణపు లెక్కలను చూడగోరి కార్యాలయమునకు పోయితిని. అచ్చటి గుమాస్తాగారు మంచివారు. కుర్చీ వేసి కూర్చుండబెట్టి, "ఇంకా ఆడిట్ కాలేదండి, వచ్చే యేడు దయచేయండి" అనిరి. మఱుసటి యేడు పోయితిని. "ఆడిట్ అయినదండి. అభ్యంతరాలకు జవాబులు వ్రాస్తున్నాము" అనిరి. మూడవ యేడు పోయితిని. అప్పటికి ఆ గుమాస్తాగారు బదిలీయైరి. కమిషనరుగారును బదిలీయైరి. పాలకవర్గపు కాలము తీఱి సభ్యులందఱును ఇండ్లకు పోయిరి. క్రొత్తగా వచ్చినవారు మర్యాదగానే, "అది మా కాలపు వ్యవహారం కాదండి" అనిరి.

ఇందు ఎవరును అబద్ధమాడలేదు. ఎవరును నన్ను కసరలేదు. మూడు జవాబులును నిజములే. అయినను మూడేండ్లలో నా ప్రశ్నకు బదులు చెప్పవలసిన మనుష్యుడు లేకుండ పోయెను. నేను ఆనాడు నేర్చుకొనిన పాఠమిది: ఆలస్యమైన లెక్క తప్పులెక్క కాకపోవచ్చును. కాని అది ఎవరిని ప్రశ్నించుటకై యేర్పడినదో వారు వెడలిపోయిన పిమ్మట చదువబడు లెక్క. ముద్దాయి లేని న్యాయస్థానమున విచారణ వంటిది.

ఇక లెక్కలు ఏల ఆలస్యమగునో న్యాయముగా విచారింతము. కార్యాలయములలో కూర్చుండువారిని ఊరక నిందించుట నాకు సమ్మతము కాదు.

ఆర్థిక సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన ఆరంభమై మార్చి 31వ తేదీన ముగియును. ఆ రాత్రి కూడికలు వేసి గీత గీసిన చాలునని మనము తలంతుము. అది అంత సులభము కాదు. రోకడి పుస్తకములోని నిలువయు బ్యాంకులోని నిలువయు ఒకటి కావలెను. ఇచ్చిన చెక్కు ఇంకను మాఱకపోవచ్చును. ఖాతాలో పడిన సొమ్ము ఎవరు కట్టినదో తెలియకపోవచ్చును. పథకమున కొక ఖాతా చొప్పున తెఱచినచోట ఈ పని పదింతలగును. పన్నుల యందు డిమాండు ఎంత, వసూలు ఎంత, బాకీ ఎంత అను మూడు అంకెలును వార్డువారీగా సరిపోవలెను. పనులకై ముందుగా తీసికొనిన అడ్వాన్సులకు ఓచర్లు రావలెను. కంట్రాక్టరులు కట్టిన డిపాజిట్లను సంఘపు ఆదాయములో కలిపివేయక విడిగా చూపవలెను.

ఇది చాలదన్నట్లు, 2004లో జాతీయ పురపాలక లెక్కల నియమావళి వెలువడెను. అది మంచి నియమావళియే. చేతికి వచ్చిన సొమ్మునే గాక రావలసిన సొమ్మును, ఇచ్చిన సొమ్మునే గాక ఇవ్వవలసిన సొమ్మును గూడ లెక్కలో చూపవలెనని దాని సారాంశము. అప్పులెన్ని యున్నవో దాచిపెట్టి నిలువ మాత్రము చూపి మురియుటకు ఆ పద్ధతిలో వీలు లేదు. అయితే దాని ననుసరించుటకు పట్టణములోని రోడ్లకు, భవనములకు, నీటి గొట్టములకు విలువ కట్టవలెను. ఆ విద్య నేర్చిన ఉద్యోగులు కావలెను. ఉన్న యొక్క గుమాస్తాకు పన్నుల పని, ఎన్నికల పని, జనాభా లెక్కల పని అంటగట్టి, లెక్కలు మాత్రము సకాలమున ముగింపుమనుట ఎద్దును గానుగకు కట్టి పొలము దున్నలేదని కొట్టుట వంటిది.

ఇంకొక సంగతి గలదు. ఒక యేటి ముగింపు నిలువయే మఱుసటి యేటి ప్రారంభపు నిలువ. మొదటి సంవత్సరపు లెక్క ఖాయము కానిదే రెండవ సంవత్సరపు లెక్కకు పునాది లేదు. కావున ఒక యేటి ఆలస్యము ఒక యేటితో పోదు. అది వడ్డీకి వడ్డీవలె పెరుగును. అప్పులలో మునిగిన కాపు ఏ బాకీని ముందు తీర్చవలెనో తెలియక కూలబడునట్లు, మూడేండ్ల లెక్కలు పేరుకొన్న కార్యాలయము ఏ పుస్తకమును ముందు తెఱవవలెనో తెలియక కూలబడును.

కారణములు విన్నారు. ఇక ఫలితములు వినుడు. కారణము ఎంత న్యాయమైనదైనను ఫలితము నష్టమే.

మొదటిది, గడచిన యేటి నిజమైన ఆదాయము తెలియక వచ్చు యేటి బడ్జెటు వేయుట చీకటిలో బాణము వేయుట. రావని తెలిసిన బాకీలను వచ్చునట్లు చూపి ఖర్చులు వ్రాసికొందురు. పనులు ఆరంభమగును. సొమ్ము చాలదు. సగము కట్టిన కాలువ ఆగిపోవును. వీధిలో నిలిచిన ఆ మురుగునకు మూలము పారిశుద్ధ్యశాఖలో కాదు, లెక్కల శాఖలో నుండవచ్చును.

రెండవది, తప్పు చల్లారిపోవును. 1989 నాటి రాష్ట్ర ఆడిట్ చట్టమున, అక్రమముగా ఖర్చైన సొమ్మును దానికి బాధ్యులైనవారి వలన రాబట్టుటకు సర్‌ఛార్జి అను సాధనము గలదు. అది పదునైన కత్తియే. కాని ఐదేండ్లు గడచిన పిమ్మట ఓచరు దొరకదు. సంతకము ఎవరిదో గుర్తుపట్టువాడు దొరకడు. బాధ్యుడు ఉద్యోగ విరమణ చేసి యుండును, లేదా లోకమునే విడిచి యుండును. కత్తి ఒఱలోనే త్రుప్పు పట్టును. ఇందు విచిత్ర మేమనగా, నిజాయితీపరునకు గూడ నష్టమే. నిర్దోషియైన యధికారి తన నిర్దోషత్వమును నిరూపించుకొను కాగితము దొరకక అనుమానముతోనే వృద్ధుడగును.

మూడవది, రావలసిన సొమ్ము రాకుండ పోవును. పదునైదవ ఆర్థిక సంఘము 2021 నుండి 2026 వఱకు అయిదేండ్లకు దేశములోని స్థానిక సంస్థలకు 4,36,361 కోట్ల రూపాయలు సిఫారసు చేసెను. అందు పట్టణ, గ్రామ సంస్థలకు ముఖ్యమైన నిబంధన యొకటి పెట్టెను: గడచిన యేటి తాత్కాలిక లెక్కలును, అంతకుముందటి యేటి ఆడిటైన లెక్కలును ప్రజలకు కనబడునట్లు ప్రకటింపవలెను. మొదటి రెండేండ్లు రాష్ట్రములోని సంస్థలలో నాల్గవవంతు ఈ నియమమును నెరవేర్చిన చాలుననెను. 2023-24 నుండి నెరవేర్చిన సంస్థల మేరకే గ్రాంటు అనెను. దీనివలన మేలు కలిగినది, సందేహము లేదు. దుమ్ము పట్టిన పుస్తకములు తెఱవబడినవి. కాని ఇందొక అపాయము గలదు. లెక్కలు గ్రాంటు కొఱకు తయారై, ఢిల్లీ చూచుటకై ప్రకటింపబడి, ఆ లెక్కలు ఏ వీధివో ఆ వీధిలో ఒక్కరును చదువకుండ నుండవచ్చును. గ్రాంటు వచ్చినది గదా యని కార్యాలయము తృప్తి పడును. పన్ను కట్టినవాడు ఎప్పటివలెనే చీకటిలో నుండును.

ఇది మన దేశపు దౌర్భాగ్యమే యని మీరు నిట్టూర్పు విడువవలదు. మనకు స్థానిక స్వపరిపాలనమును నేర్పితిమని చెప్పుకొనిన ఇంగ్లండు సంగతి చూడుడు. 1882లో రిప్పన్ ప్రభువు తీర్మానము చేసి మన పట్టణ సభలను రాజకీయ విద్యకు పాఠశాలలనెను. ఆ ఉపాధ్యాయుని ఇంటిలోనే నేడు పాఠము తప్పినది. అచ్చట స్థానిక సంస్థల తనిఖీని పర్యవేక్షించుచుండిన ఆడిట్ కమిషన్‌ను 2015లో ఎత్తివేసిరి. ప్రైవేటు తనిఖీదారుల వలన ఖర్చు తగ్గుననిరి. తనిఖీదారులు చాలకపోయిరి. లెక్కలు పేరుకొనెను. 2022-23 సంవత్సరపు లెక్కలు 2023 సెప్టెంబరు 30వ తేదీకి ముగియవలసి యుండగా, 467 సంస్థలలో కేవలము 5 సంస్థలకు మాత్రమే ఆ గడువునాటికి ఆడిట్ పూర్తి యయ్యెను. తుదకు వారు 2024 డిసెంబరు 13వ తేదీని కడపటి గడువుగా నిర్ణయించి, పాత లెక్కలన్నియు ఆనాటికి ముగియవలెననిరి. ఎన్నో సంస్థల లెక్కలపై తనిఖీదారులు "మేము అభిప్రాయము చెప్పజాలము" అని వ్రాసి సంతకము పెట్టిరి. తేదీ నిలిచినది. నమ్మకము నిలిచినదా?

లండను నగరమునకు సమీపమున స్లౌ అను పట్టణము గలదు. ఆ పట్టణ సభ తన ఆదాయముతో ఖర్చులను భరింపజాలనని 2021 జూలైలో ప్రకటించెను. అప్పటికి దాని 2018-19 సంవత్సరపు లెక్కలే ఖాయము కాలేదు. ఇల్లు తగులబడుచుండగా ఇంటివారు రెండేండ్ల క్రిందటి నిప్పును వెదకుచుండిరన్నమాట. దాని ఫలమెవరు అనుభవించిరి? 2023లో ఆ పట్టణ ప్రజల పన్ను ఒక్కసారిగా నూటికి పది వంతున పెరిగెను. లెక్క ఆలస్యమైన యెడల దాని వడ్డీని కట్టువాడు పన్ను కట్టువాడే.

అయినను వారివలన మనము గ్రహింపదగిన దొకటి గలదు. అచ్చటి చట్టమున, ప్రతి యేడును ముప్పది పనిదినములు ఆసక్తిగల యెవరైనను లెక్కల పుస్తకములను, ఓచర్లను స్వయముగా చూచుటకు హక్కు గలదు. అచ్చటి వోటరు తనిఖీదారునకు నేరుగా తన అభ్యంతరము తెలుపవచ్చును. ఇట్టి భావము మనకు పరాయిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున, ఆషాఢ మాసమున అధికారులు తమ లెక్కలను తెచ్చి అప్పగింపవలెననియు, సకాలమున తేనివారికి దండనము గలదనియు విధింపబడినది. గడువును, గడువు తప్పినవానికి శిక్షను ఇరువది శతాబ్దములకు వెనుకనే యెఱిగిన దేశము మనది.

అంత దూరము పోనేల? మన జాతీయోద్యమ నాయకులలో ఎందఱో పట్టణ సభలలో పని నేర్చిరి. ప్రకాశం పంతులుగారు రాజమహేంద్రవర పురపాలక సంఘమునకు అధ్యక్షులైరి. రాజగోపాలాచారిగారు సేలములో, జవహర్‌లాల్ నెహ్రూగారు అలహాబాదులో, వల్లభభాయి పటేలుగారు 1924 నుండి అహమ్మదాబాదులో ఆ బాధ్యత వహించిరి. రాజ్యమేలబోవువారు మురుగు కాలువల లెక్కలు చూచుట తమకు చిన్నతనమని తలంపలేదు. ఇక మన చీరాల పేరాల సంగతి యెవరు మఱచెదరు? 1921లో అచ్చటి ప్రజలు తమకు వలదన్న పురపాలక సంఘమును, మోయలేని పన్నును నిరసించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు వాకిండ్లు విడిచి, రామనగరమున పాకలు వేసికొని నెలల తరబడి ఎండకు వానకు ఓర్చిరి. పన్ను అనగా పాలకునకును ప్రజకును నడుమ నొక యొడంబడిక యని వారు ఎఱుగుదురు. మనమో? పన్ను కట్టుచున్నాము, రసీదు దాచుకొనుచున్నాము. ఒడంబడికలోని రెండవ సగమును అడుగుట మఱచితిమి.

1993 జూన్ 1వ తేదీన డెబ్బదినాల్గవ సవరణము అమలునకు వచ్చి, పురపాలక సంఘములకు రాజ్యాంగమున స్థానము కలిగినది. లెక్కలు వ్రాయుటకు, తనిఖీ చేయుటకు రాష్ట్ర శాసనసభలు విధులు ఏర్పఱచవచ్చునని అందు చెప్పబడినది. 2005 నాటి సమాచార హక్కు చట్టము ముప్పది దినములలో జవాబు పొందు హక్కును మన చేతికిచ్చినది. చట్టములకు కొఱత లేదు. అడుగు నోటికే కొఱత.

కావున ఏమి చేయవలెను? నా మనవి స్వల్పము.

ఒకటి, ఆడిట్ ముగియువఱకు లెక్క రహస్యమను భ్రమ పోవలెను. తాత్కాలిక లెక్కను, ఇది ఇంకను తనిఖీ కాలేదని పైన వ్రాసి, తెలుగున అచ్చొత్తి, ప్రతి గ్రంథాలయపు బల్లమీద ఉంచవలెను. తప్పులుండవచ్చును. తనిఖీదారునకు దొరకని తప్పు ఆ వీధివానికి దొరకును. తన వీధిలో వేయని దీపమునకు ఖర్చు వ్రాసిన యెడల దానిని కనిపెట్టుటకు వానికి పరీక్షలు ప్యాసు కావలసిన పని లేదు.

రెండు, బదిలీయగు అధికారియు, కాలము తీఱిన పాలకవర్గమును తమ నాటివఱకు గల లెక్క ఏ స్థితిలో నున్నదో, ఏ అడ్వాన్సు తేలలేదో, ఏ అభ్యంతరమునకు జవాబు బాకీయో ఒక కాగితముపై వ్రాసి సంతకము చేసి పోవలెను. అప్పుడు "అది మా కాలపు వ్యవహారము కాదు" అను మాటకు తావుండదు.

మూడు, లెక్కలు వ్రాయువారిని ఇతర పనులకు ఈడ్వక, వారి ఖాళీలను నింపవలెనని మనమే ప్రభుత్వమును అడుగవలెను. లెక్కలు కావలెనని కోరుచు లెక్కల గుమాస్తాను కోరకుండుట అన్యాయము.

నాలుగవది చెప్పుటకు నాకు సిగ్గుగా నున్నది, అయినను చెప్పెదను. ఈ పఠనమందిరమునకు నేనొకప్పుడు కోశాధికారిగా నుంటిని. ఆ సంవత్సరపు లెక్కను నేను ఎనిమిది మాసములు ఆలస్యముగా సమర్పించితిని. సొమ్ము ఒక్క రూపాయి తప్పలేదు. రసీదులు సంచిలో నుండెను. రేపు వ్రాసెదను, ఎల్లుండి వ్రాసెదను అని గడపితిని. ఆ ఎనిమిది మాసములలో మీలో ఒక్కరును నన్ను అడుగలేదు. నన్ను నమ్మినందున అడుగలేదని అప్పుడు గర్వపడితిని. ఇప్పుడు తలచుకొనిన, ఆ మౌనము నాకు చేసిన గౌరవము కాదు, నాకు చేసిన అపకారము. అడిగియున్న యెడల నేను మొదటి మాసముననే వ్రాసియుందును. పురపాలక కార్యాలయమున నాకు కుర్చీ వేసిన ఆ గుమాస్తాగారికిని నాకును భేదమేమి? ఆయనను నేను మూడుసార్లు అడిగితిని. నన్ను ఎవరును ఒక్కసారియు అడుగలేదు.

అడుగుట అనుమానించుట కాదు. అన్నదమ్ముల మధ్య లెక్కలు తేలియుండిననే ప్రేమ నిలుచునని మన పెద్దలు ఎఱుగుదురు. పాలించువాడు మనవాడైనందున అడుగనక్కఱలేదని తలంచువాడు స్వరాజ్యమును సగము మాత్రమే తెలిసికొనెను. పరప్రభుత్వమును లెక్క అడుగుటకు ధైర్యము కావలెను. మనవానిని అడుగుటకు అలవాటు కావలెను. మొదటిది మన పూర్వులు చూపిరి. రెండవది మనము నేర్చుకొనవలసి యున్నది.

కావున అధ్యక్షులవారి అనుమతితో ఒక చిన్న పని కోరుచున్నాను. నా యుపన్యాసము ముగియగానే మన గ్రంథాలయపు గడచిన సంవత్సరపు జమాఖర్చులను కార్యదర్శిగారు ఈ సభలోనే చదువవలెను. సందేహమున్నవారు లేచి అడుగవలెను. రేపు ఉదయమున మనలో నలువురము కలిసి పురపాలక కార్యాలయమునకు పోయి, మర్యాదగా కూర్చుండి, మన పట్టణపు లెక్క ఏ సంవత్సరము వఱకు తేలినదో, అందు గ్రంథాలయ పన్ను ఎంత వసూలైనదో, ఎంత చెల్లినదో అడుగుదము. ఈ యేడు కాలేదన్న యెడల ఏ నెలలో అగునో తేదీ వ్రాయించుకొని వత్తము. ఆ తేదీని ఆ గోడమీది నల్లబల్లపై వ్రాయుదము. ఆనాడు మఱల పోవుదము.

ఇక కార్యదర్శిగారు పుస్తకము తెఱవగోరెదను.